మెట్ల మీద సుద్ద గీతలు

లిఫ్టు మేస్త్రి ఇంటికి లిఫ్టు లేదు. ఈ మాట విని నవ్వని మనిషిని ఆయన ఇరవై ఏళ్ళలో చూడలేదు. చుట్టుపక్కల సగం మేడల్లో జనాన్ని పైకీ కిందికీ తిప్పే యంత్రాలన్నీ ఆయన చేతి చలవే. ఆయన మాత్రం సాయంత్రమయ్యేసరికి పనిసంచి భుజాన వేసుకుని మూడో అంతస్తుకి యాభై నాలుగు మెట్లెక్కాలి. ఎక్కేవాడు కూడా, ఒక్కో అంగకి రెండేసి మెట్లు, పక్కకి చూడకుండా. మోకాళ్ళింకా తన మాట వింటున్నాయని లోకానికి చూపించుకోవడం ఆయనకో సరదా.

అసలు ఆ ఇల్లు తీసుకున్నది భార్య కోసం. ఆవిడ టైలరు. ముందుగదికి ఉత్తరం వైపు పెద్ద కిటికీ ఉంది, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకేలాంటి వెలుతురు. "నల్లగుడ్డ మీద నల్లదారం కనపడాలంటే ఇలాంటి కిటికీ ఉండాలండీ" అని ఒక్క మాటతో తేల్చేసింది. కిటికీ కింద కత్తిరింపు బల్ల, పక్కన కుట్టుమిషను, గోడకి మేకు మీద కత్తెర, అదే ఆవిడ కుట్టుగది. ఆ కత్తెరతో కాగితం కత్తిరిస్తే మేస్త్రికైనా సరే చీవాట్లు తప్పవు. ఆవిడకో పద్ధతి ఉంది. ఎంత చిన్న గుడ్డ తెచ్చినా ముందు బల్ల మీద పరిచి, చేతులు కట్టుకుని చుట్టూ ఓసారి తిరిగి, అన్ని ముక్కలూ సుద్దతో గీసుకున్నాకే కత్తెర అందుకునేది. "ఇంకో పావు మీటరుంటే బాగుండేది కదమ్మా" అని ఎవరైనా నసిగితే, "లేని గుడ్డ సంగతి నాకు చెప్పొద్దు, ఉన్నది పరవండి" అనేది.

అలాంటి మనిషికి రొమ్ము కాన్సరు వచ్చింది. ఆపరేషనైంది. ఆ తర్వాత మూడు వారాలకొకటి చొప్పున ఆరు కీమోలన్నారు. జుట్టు ఊడిపోతే ఆవిడ పెద్దగా పట్టించుకోలేదు, "పోనీలెండి, దువ్వుకునే పని తప్పింది" అంది. వాంతులకి మాత్రలిచ్చారు. ఏ మాత్రా లేనిది ఒకటి మిగిలిపోయింది, అలసట. అలసటంటే మనం పనిచేసొచ్చి కాళ్ళు పీక్కుపోతున్నాయంటామే, అది కాదు. మనది ఓ కునుకు తీస్తే పోతుంది. ఆవిడది పదిగంటలు పడుకుని లేచినా మంచం పక్కనే కాచుకుని ఉండేది. పళ్ళు తోముకుని వచ్చి కాసేపు పడుకోవాలి. స్నానం చేసొచ్చి అరగంట పడుకోవాలి. ఒకరోజు చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ మూడో దాని దగ్గర ఆగిపోయి, గోడకి చేరగిలబడి కళ్ళు మూసుకుంది. మేస్త్రి పరిగెత్తుకెళ్ళి మిగతావన్నీ తనే పెట్టాడు. ఆవిడ తన వేళ్ళ వంకే చూసుకుంటూ, "ఐదు బొత్తాలు! ఎవరికోసమండీ ఇన్ని?" అంది. ఆయనకి ఆ మాట అర్థం కాలేదు, అర్థం చేసుకునే స్థితిలోనూ లేడు.

మేస్త్రికి యంత్రాలతో ముప్ఫై ఏళ్ళ సావాసం. మోటారు వేడెక్కి మాటిమాటికీ ఆగిపోతుంటే ఏం చేయాలో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. ముందు బరువు తగ్గించాలి. అప్పటికీ మాట వినకపోతే పూర్తిగా ఆపేసి, తలుపుకి బోర్డు తగిలించి, ఎవర్నీ ఎక్కనివ్వకూడదు. పాపం, ఆ లెక్కే ఇంట్లోనూ పెట్టాడు. వంట తన చేతుల్లోకి తీసుకున్నాడు. ఆ వంట గురించి మాట్లాడుకోకపోవడమే మర్యాద. చీపురు లాక్కున్నాడు, బట్టలుతకడం లాక్కున్నాడు. ఆవిడ మంచినీళ్ళకి లేచినా "కూర్చో కూర్చో, నేను లేనూ?" అంటూ అడ్డం పడేవాడు. ఇంక ఆవిడ చేతిలో మిగిలింది ఆ కుట్టుగదొక్కటే.

నాలుగో కీమో అయిన తొమ్మిదో రోజు ఆయన మధ్యాహ్నమే ఇంటికొచ్చాడు. ఆవిడ లోపల నిద్రపోతోంది. కత్తిరింపు బల్ల మీద లేతనీలం చొక్కా ఒకటి పరిచి ఉంది. ముచ్చటపడి చేతిలోకి తీసుకున్నాడు, తీసుకుని కొయ్యబారిపోయాడు. చేతులు రెండూ మెడ దగ్గర్నుంచి మణికట్టు దాకా కుట్టకుండా తెరిచే ఉన్నాయి. ముందు భాగం ఒకదాని మీదొకటి జానెడు ఎక్కువ వచ్చేసింది. బొత్తం లేదు, కాజా లేదు. ఇరవై ఆరేళ్ళుగా ఆయన ఆవిడ కుట్టిన చొక్కాలే తొడుక్కుంటున్నాడు, ఒక్క కుట్టు వంకర పోయి ఎరగడు. జబ్బు చేతిలోకి పాకింది, చేతిలోంచి తలకెక్కింది, చొక్కాకి చేయి అతకడం కూడా మర్చిపోయింది నా ఇల్లాలు అనుకుని అక్కడే నిలబడి ఏడ్చాడు. ఇది పదిమంది కంట పడితే ఆవిడ పరువేం కావాలి?

కళ్ళు తుడుచుకుని పనిలోకి దిగాడు. చొక్కా మడిచి అటకెక్కించాడు. మిషను బెల్టు ఊడదీశాడు. కత్తెర బీరువాలో పెట్టి తాళం వేశాడు. కింద ఇంట్లో ఉండే రిటైరైన పోస్టుమాన్‌ని పిలిచి, ఇద్దరూ కలిసి బల్ల దించి ఆయన సామాన్ల గదిలో పడేశారు. ఇంత చేసినా ఆవిడకి మెలకువ రాలేదు, ఒళ్ళు తెలియని నిద్ర అది. చివరగా పనిసంచిలోంచి రేకు బోర్డొకటి తీసి కుట్టుగది తలుపుకి తగిలించాడు. ఏ లిఫ్టు చెడిపోయినా ఆయన తగిలించే బోర్డే అది. ఎర్రరంగు అక్షరాలు: "మరమ్మతు జరుగుతోంది. వాడరాదు." వచ్చే పోయే ఖాతాదార్లు ఆవిడని విసిగించకుండా ఉంటారని. పుణ్యకార్యం చేశాననుకున్నాడు, మహానుభావుడు!

ఆవిడ లేచి గోడ పట్టుకుని మెల్లిగా నడిచొచ్చింది. బోర్డు చదివింది. తలుపు తోసి కిటికీ కింద ఖాళీగా ఉన్న నేల చూసింది. తిట్టి ఉంటే మేస్త్రి బతికిపోయేవాడు. ఆవిడ వెనక్కి వెళ్ళి గోడవైపు తిరిగి పడుకుంది. మూడు రోజులు స్నానాల గదికి తప్ప మంచం దిగలేదు. హమ్మయ్య, ఇన్నాళ్ళకి విశ్రాంతి తీసుకుంటోందనుకున్నాడాయన. మూడో రోజు సాయంత్రానికి గ్లాసు ఎత్తడానికి ఆవిడకి రెండు చేతులూ కావాల్సొచ్చాయి.

నాలుగో రోజు పొద్దున పాలు తీసుకెళితే, గోడవైపు చూస్తూనే ఆవిడ, "ఐదో కీమోకి నేను రాను" అంది.

"ఏంటీ?"

"రాను. ఆస్పత్రికి చెప్పెయ్యండి."

"పిచ్చి మాటలు మాట్లాడకు. ఇంకా రెండే ఉన్నాయి. మధ్యలో మానేస్తే మళ్ళీ తిరగబెట్టొచ్చని డాక్టరుగారు చెప్పలేదూ?"

"వాడరాదని మీరే రాశారుగా" అంది ఆవిడ మెల్లిగా. "వాడని దానికి మరమ్మతెందుకండీ?"

మేస్త్రి బతిమాలాడు. కోప్పడ్డాడు. పరుగున వెళ్ళి బోర్డు పీకి తెచ్చి చూపించాడు. "బోర్డు తీశారు సరే, బల్లేదీ?" అని దుప్పటి లాక్కుంది. ఐదో కీమోకి ఇంకా తొమ్మిది రోజులుంది.

పెద్దనర్సు చెబితే వింటుందేమోనని ఆయన అప్పటికప్పుడు ఆస్పత్రికి పరిగెత్తాడు. కీమో గది ఎప్పటిలాగే చల్లగా ఉంది. ఎనిమిది వాలుకుర్చీలు, ఒక్కోదాని పక్కన సీసా వేలాడే స్టాండు. పెద్దనర్సు పొట్టి మనిషి, గొంతు మాత్రం రెండు గదుల అవతలకి వినిపిస్తుంది. ఆయన నోరు తెరిచేలోపే, "ఏమయ్యా మేస్త్రీ, టైలరమ్మ ఎలా ఉంది? నీలం చొక్కా అయిపోయిందా?" అంది.

"నీలం చొక్కానా?"

"అదేనయ్యా, అప్పుడొకటిచ్చిందిగా, దాని తర్వాతది." గడ్డంతో కిటికీ పక్కన కుర్చీ చూపించింది.

ఆ కుర్చీలో బస్సు కండక్టరొకామె కూర్చుని ఉంది. తలకి రుమాలు, ఒంటి మీద పసుపు చొక్కా. చొక్కా చేతులు మెడ నుంచి మణికట్టు దాకా తెరిచే ఉన్నాయి, మధ్యలో మూడుచోట్ల పట్టీలతో మూసి ఉన్నాయి. రెండు పట్టీల సందులోంచి సన్నటి గొట్టం లోపలికి వెళుతోంది. ఆమె ఒంట్లో ఒక్క జానెడు కూడా చలికి బయటపడలేదు. ముందు భాగం ఒకదాని మీదొకటి జానెడు ఎక్కువొచ్చి, పక్కన ఒక్క ముడితో ఆగింది.

"దీన్ని కూర్చునే తొడుక్కోవచ్చన్నయ్యగారూ" అంది కండక్టరు. "చేయి పైకెత్తక్కర్లేదు. ఆపరేషను చేసిన వైపు నాకు చేయి లేవదు కదా. ఇదివరకు ఇక్కడికి బయల్దేరడానికి బట్టలు మార్చుకునేసరికే నా పనైపోయేది. మంచం మీద కూలబడి ఏడ్చేదాన్ని. ఇప్పుడు ఆ ఓపిక మిగులుతోంది, దాంతో మా పాపకి జడ వేస్తున్నా."

"మామూలు చొక్కా తొడుక్కోడానికి పదిహేడు కదలికలట" అంది పెద్దనర్సు. "కీమో ఎక్కుతుండగా ఆ కుర్చీలోనే కూర్చుని వేళ్ళ మీద లెక్కపెట్టింది మీ ఆవిడ. దీనికి మూడేనట. నేను పాతికేళ్ళుగా ఈ గదిలో ఉన్నా. ఎంతమంది డాక్టర్లొచ్చారు, ఎంతమంది పోయారు! ఈ చొక్కా ఒక్కరికీ తట్టలేదు. తట్టాలంటే మూడో బొత్తం దగ్గర ఆగిపోయిన మనిషై ఉండాలి మరి."

మేస్త్రి తలొంచుకుని జరిగిందంతా చెప్పాడు. అటక సంగతి, బల్ల సంగతి, ఆఖరికి బోర్డు సంగతి కూడా. బోర్డు మాట వినగానే పెద్దనర్సు నోరు వెళ్ళబెట్టింది.

"ఎంత పని చేశావయ్యా! రోజూ కాస్త నడవమ్మా, చేతనైన పని చేసుకో అని చెప్పింది నేనే. విశ్రాంతి కావాలి, కాదనను. కానీ ఈ అలసట పడుకుంటే పోయేది కాదు, ఊరికే పడుకోబెడితే ఇంకా బలుస్తుంది. ఎంత నడవాలో, ఎక్కడ ఆగాలో ఆవిడకి తెలుసు. నీ చేతిలో ఉన్నది లిఫ్టు కాదయ్యా, మనిషి."

ఆ చీవాట్లు మొత్తం మూటగట్టుకుని ఇంటికొచ్చి, మేస్త్రి తిన్నగా పోస్టుమాన్ సామాన్ల గదిలో దూరాడు. బల్ల పలక ఊడదీసి వీపు మీదికెత్తుకున్నాడు. పోస్టుమాన్ సాయం పట్టబోతే వద్దన్నాడు. దించినవాడే ఎక్కించాలని పంతం.

"అవునుగానీ బాబాయ్" అన్నాడు పోస్టుమాన్. ఆయన చిన్నాపెద్దా లేకుండా మగవాళ్ళందర్నీ బాబాయ్ అనే పిలుస్తాడు. "అమ్మాయి మూడు నాలుగు రోజులనుంచి కిందికి దిగడం లేదేం?"

"దిగడమేంటి? తను మంచం మీద కదా ఉండేది!"

"భలేవాడివే. రోజూ నువ్వు పనికెళ్ళాక పదకొండింటికి దిగేది. ఆ గడప దాకా వచ్చి, మళ్ళీ ఎక్కేది. ఒక్కోరోజు ఎక్కేసరికి ముప్పావుగంట. అంతస్తుకో కుర్చీ వేస్తానమ్మా అంటే, వద్దు బాబాయ్, కుర్చీ ఉంటే కూర్చోబుద్ధవుతుంది అనేది."

మేస్త్రి పలక మోసుకుంటూ ఎక్కడం మొదలుపెట్టాడు. రెండేసి మెట్లు కాదు, ఒక్కొక్కటే. ఏడో మెట్టు దగ్గర నడుం పట్టేసింది. పలక దించి గోడకి తల ఆనించాడు. అప్పుడు కనబడింది, కంటికెదురుగా గోడ మీద చిన్న సుద్ద గీత. టైలరు సుద్దతో గీసిన సన్నటి నిటారు గీత. పక్కనే చీమల్లాంటి అంకెలు, నాలుగు, మూడు.

లిఫ్టు తాళ్ళ మీద మేస్త్రులు రంగుతో గుర్తులు పెడతారు, ఏ అంతస్తు దగ్గర పెట్టె ఆగాలో పైన మోటారు గదిలోంచే తెలియడానికి. ముప్ఫై ఏళ్ళు ఆ గుర్తులతో బతికినవాడికి ఈ గీత అర్థం కావడానికి ఎంతసేపు? నాలుగో కీమో, మూడో రోజు. ఆవిడ మొదటిసారి కూర్చుండిపోయిన చోటు. పైకి చూశాడు. తొమ్మిదో మెట్టు దగ్గర ఇంకో గీత, నాలుగు, ఐదు. పదకొండో మెట్టు దగ్గర నాలుగు, ఆరు. పదిహేనో మెట్టు దగ్గర నాలుగు, తొమ్మిది. నాలుగో కీమోకి అదే ఆఖరు. ఆ మధ్యాహ్నమే ఆయన బోర్డు తగిలించింది.

పలక మోసుకుంటూ, ఆగుతూ, చదువుకుంటూ ఎక్కాడు. ముప్ఫయ్యో మెట్టు దగ్గర ఒకటి, మూడు. నలభై ఎనిమిదో మెట్టు దగ్గర ఒకటి, ఇరవై. ప్రతి కీమోకీ గీతలు కిందికి పడిపోయేవి, మళ్ళీ రోజుకో మెట్టు, రెండు మెట్లు పైకి పాకేవి, మళ్ళీ పడిపోయేవి. ఏ కీమోకీ గీతలు తప్పిపోలేదు. తాను ప్రతి సాయంత్రం రెండేసి మెట్లు దూకుతూ, ఎంత గట్టివాణ్ణో అని మురిసిపోతూ, ఈ గీతల పక్కనుంచే పోయేవాడు. తన భార్యని మంచాన పడ్డ మనిషని జాలిపడ్డాడు. ఇంటిల్లిపాదిలోకీ గట్టి మనిషి ఎవరో గోడ మీద రాసే ఉంది, ఆయనే చదవలేదు. సిగ్గూ గర్వమూ ఒక్కసారే ముంచుకొచ్చి, యాభయ్యో మెట్టు మీద కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాడు.

మళ్ళీ దిగి కాళ్ళు కూడా మోసుకొచ్చి బల్ల బిగించాడు. కత్తెర మేకుకి తగిలించాడు. అటక మీంచి చొక్కా దించి, దులిపి, బల్ల మీద పరిచాడు. వెళ్ళి మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు.

"ఏడో మెట్టు చూశాను" అన్నాడు.

ఆవిడ ఇటు తిరిగింది. నాలుగు రోజుల్లో అదే మొదటిసారి.

"పసుపు చొక్కా కూడా చూశా. కండక్టరమ్మ వాళ్ళ పాపకి జడ వేస్తోందట. నేను వెధవని. నీ చేయి పనికిరాకుండా పోయిందనుకున్నా. కానీ ఒక్క మాట చెప్పొచ్చుగా నాతో!"

"చెప్పడానికి మాత్రం ఓపిక అక్కర్లేదూ?" అంది ఆవిడ. మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటోంది. "పొద్దున్నే లేవగానే పరిచి చూసుకుంటానండీ, ఇవాళ ఎంతుందో. ఒకరోజు జేబురుమాలంత ఉంటుంది. ఒకరోజు అదీ ఉండదు. అందులోనే మెట్లు రావాలి, చొక్కా రావాలి. మీతో వాదన కూడా అందులోంచే తీస్తే చొక్కాకి చేతులు మిగలవు."

ఆయన ఆవిడ పాదాలు పట్టుకున్నంత పని చేశాడు. "మరి... ఐదో కీమో?"

"ముందు మిషను బెల్టెక్కించండి."

ఆయన లేచిన వేగానికి మంచం కోడు తగిలి బొటనవేలు చితికింది. కుయ్యో అన్నాడు. ఆవిడ నవ్వింది, నవ్వి అలసిపోయి కాసేపు కళ్ళు మూసుకుంది.

ఐదో కీమోకి ఆవిడ లేతనీలం చొక్కా వేసుకుని వెళ్ళింది, సంచిలో ఇంకొకటి పెట్టుకుని. రోజుకో గంట బల్ల దగ్గర, మధ్యమధ్యలో కుర్చీలో వాలుతూ కుట్టింది అది. రేకు బోర్డు ఏమైందని మేస్త్రి బెరుగ్గా అడిగితే, "బరువు బాగుంది, గుడ్డ ఎగరకుండా మీద పెట్టుకుంటున్నా" అంది. ఎర్ర అక్షరాలు కిందికి తిప్పి పెట్టుకుంది.

ఆ తర్వాత మూడో రోజు ఆయన పదకొండింటికల్లా ఇంటికొచ్చాడు. వస్తానని ముందే ఆవిడ అనుమతి తీసుకున్నాడు. ఇద్దరూ కిందికి దిగి, గడప ముట్టుకుని, ఎక్కడం మొదలుపెట్టారు. చేయి పట్టుకోబోయి ఆపుకున్నాడు. ఒకటి. రెండు. మూడు. నాలుగో మెట్టు మీద ఆవిడ కాళ్ళు ఆగిపోయాయి. పెదవులు పాలిపోయాయి. మెల్లిగా కూర్చుంది. ఇంత కింద ఎప్పుడూ ఆగలేదు.

కాసేపటికి ఆవిడ జేబులోంచి సుద్ద తీసింది. గోడ దాకా చేయి లేవలేదు. సుద్ద ఆయన చేతిలో పెట్టి, "మీరు గీయండి. ఐదు, మూడు" అంది.

మేస్త్రి గోడ వైపు తిరిగాడు. నాలుగో మెట్టుకి ఎదురుగా పెట్టిన చేయి తనంతట తానే కాస్త పైకి జరిగింది. ఐదో మెట్టు దగ్గర గీత గీసి, అంకెలు వేసి, ఏమీ ఎరగనట్టు వెనక్కి జరిగాడు.

ఆవిడ తల గోడకానించుకుని, అరకళ్ళతో ఆ గీతనే చూసింది.

"ఒక మెట్టు ఎక్కువ గీశారు."

"అబ్బే, లేదే..."

"చెరిపెయ్యండి. నేను నాలుగెక్కాను. కొలత తప్పుగా రాసుకుంటే రేపు దేన్ని చూసి ఎక్కను?"

ఆయన అరచేత్తో ఆ గీత చెరిపేశాడు. నాలుగో మెట్టుకి ఎదురుగా, తిన్నగా, ఉన్నది ఉన్నట్టు గీశాడు. ఆవిడ చూసి, సరేనన్నట్టు తలూపింది. ఆయన వచ్చి ఆవిడ పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. ఎప్పుడు లేద్దామని అడగలేదు. ఇంకా యాభై మెట్లున్నాయి.